కలుపు తీసిన చోట

సూర్యాపేటకూ సముద్రానికీ ఏం సంబంధమని ఎవరినైనా అడగండి, నవ్వి ఊరుకుంటారు. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే బస్సులు ఆగి, జనం దిగి టీ తాగి పోయే ఊరు అది. అయినా కొత్త బస్టాండు వెనక, టైర్ల దుకాణం మీది అంతస్తులో ఆరుగురు మనుషులు పొద్దస్తమానం సముద్రం అడుగును చూస్తూ బతుకుతున్నారు. వాళ్లలో ఒక్కరికి కూడా ఈత రాదు.

కాకినాడ తీరం దాటి చాలా లోపల, సముద్రం అడుగున ఇసుకలో పూడ్చిన పైపులున్నాయి. బావుల్లోంచి వచ్చే వేడి గ్యాసు వాటిలోంచి ఒడ్డుకు చేరుతుంది. ఏటా ఒక సర్వే పడవ ఆ పైపుల మీదుగా పోతుంది. నీళ్లలో ఒక రోబో దాని వెంటే పాకుతూ, పైపు ఇసుక కింద ఎంత లోతున ఉంది, తిన్నగా ఉందా, ఎక్కడైనా వంగిందా, పైకి ఉబికిందా అని చుక్కలు చుక్కలుగా కొలుచుకుంటూ పోతుంది. ఆ చుక్కలన్నీ హైదరాబాదు ఆఫీసుకు చేరి, అక్కడి నుంచి సూర్యాపేటకు వస్తాయి. చుక్కల్ని గీతగా కలిపి, పోయినేటి గీత పక్కన పెట్టి, పైపు కదిలిందో లేదో చెప్పడం ఈ ఆరుగురి పని.

చుక్కలు ఎప్పుడూ శుభ్రంగా రావు. చేపల గుంపు అడ్డం వస్తే తప్పుడు చుక్క, చిరిగిన వల తేలితే తప్పుడు చుక్క, రోబో కుదుపు తింటే మరో నాలుగు. అవన్నీ అసలు గీతకు పైన గడ్డిలా లేచి నిలబడతాయి. వాటిని ఒక్కొక్కటే పట్టి తీసేయాలి. దానికి హైదరాబాదు వాళ్లు ఏదో ఇంగ్లీషు పేరు చెప్పారు గానీ, ఇక్కడ అందరూ వరి పండించే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే కాబట్టి మొదటి నెలలోనే దాని పేరు ‘కలుపు తీసుడు’ అయిపోయింది. ఇయ్యాల ఎంత కలుపు తీసినవ్ అని టీ దగ్గర ఒకరినొకరు అడగడం, నీ మడి ఇంకా అయిపోలేదా అని ఎగతాళి చేసుకోవడం మామూలు. అందరిలోకీ వేగంగా తీసేది కృపారాణి. ఆమె తీసిన గీత అద్దంలా ఉంటుందని ఆఫీసు పెద్ద నరేందర్ కొత్తగా చేరినవాళ్లకు చూపించేవాడు. ఆ పొగడ్త విని విని ఆమె చెయ్యి ఇంకా వేగం పెంచింది. నిజం చెప్పాలంటే, తీసేది ఏమిటో చూడడం కూడా తగ్గించింది.

మే నెలలో ఒక శనివారం పొద్దున హైదరాబాదు నుంచి మెయిల్ వచ్చింది. పోయిన నెల పంపిన రిపోర్టులో ఒకచోట పైపు మీద పాత వల చిక్కుకుందని రాశారు కదా, దాన్ని తీయడానికి ఇవాళ డైవర్లు దిగుతున్నారు, ఆ చోటి అసలు రికార్డింగ్ పంపండి అని. ఆ రిపోర్టు కృపారాణిదే. పైపు మామూలు లోతులోనే ఉంది, పైన వల ఉంది, తీసేస్తే మంచిది అని ఆమే రాసింది. ఆమె ఫైలు తెరిచింది, తను పీకేసిన చుక్కలతో సహా.

చుక్కలు తెర మీద ఒక చిన్న మూపురంలా లేచి ఉన్నాయి. ఆ చోట పోయినేడు కూడా వల ఉంది, అంతకుముందూ ఉంది, అందుకే చూడగానే వల అనుకుని ఆమె మూపురం మొత్తాన్ని ఒక్క ఊపులో తీసేసింది. కానీ రోబో ఆ చోటికి రెండుసార్లు పోయింది, పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి. ఆ రెండు దఫాల చుక్కల్నీ ఆమె ఇప్పుడు ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది. రెండు మూపురాలూ ఒకే చోట, ఒకే ఎత్తున, ఒకదాన్నొకటి కప్పేసి కూర్చున్నాయి.

వల నీళ్లలో ఊగుతుంది. చేప కదిలిపోతుంది. రెండుసార్లు ఒకేచోట ఒకే ఎత్తున నిలబడేది వల కాదు. ఊద గడ్డి అనుకుని వరి పీకినట్టు, కలుపని చెప్పి ఆమె పైపునే పీకేసింది.

కృపారాణి రోబో తీసిన వీడియో పెట్టి చూసింది. వల నిజంగానే ఉంది, కానీ దాని కింద ఇసుక పొడుగునా నెర్రె విచ్చింది. లోపలి నుంచి ఏదో పైకి తోస్తున్నప్పుడు మాత్రమే విచ్చే నెర్రె అది.

అది ఏమిటో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆమె పుట్టింది మిర్యాలగూడలో, రైలు పట్టాల పక్కన. తండ్రి ఈదయ్య గ్యాంగ్‌మన్‌గా చేశాడు. ఎండాకాలం మధ్యాహ్నం పట్టా పక్కన కంకర ముట్టకూడదన్నది ఆ గ్యాంగులో అందరికీ తెలిసిన కట్టుబాటు. ఎండకు ఇనుము సాగుతుంది. సాగడానికి చోటు లేని పట్టా ఆ బలమంతా లోపలే పెట్టుకుని, కంకర బరువు ఆపితే ఆగి పడి ఉంటుంది. ఆమె బడికి పోయే రోజుల్లో కొత్తగా వచ్చిన మేస్త్రీ ఒకడు మిట్టమధ్యాహ్నం కంకర తవ్వించాడు. పట్టా ఒక్కసారిగా పక్కకు ఎగిరింది. తండ్రికి సద్ది తీసుకుపోతున్న కృపారాణి గట్టు మీది నుంచి చూసింది. ఈదయ్యకు ఏమీ కాలేదు. ఆయన పక్కన గడ్డపార పట్టుకున్న మనిషి లేచి నిలబడబోయి, నిలబడడానికి కాలు లేదని అప్పుడు చూసుకున్నాడు. ఆ తరవాత చాలా ఏళ్లు ఆమె ఎండలో పట్టాలు దాటకుండా చుట్టు తిరిగి పోయేది.

సముద్రం కింది పైపుకు ఎండ తగలదు గానీ లోపలి గ్యాసు చాలు. వేడికి సాగి, చోటు లేక, పైకి ఉబకబోతోంది. దాన్ని ఆపుతున్నది పైనున్న ఇసుక ఒక్కటే. ఇప్పుడు డైవర్ దిగి, నీటి జెట్టుతో ఆ ఇసుకను ఊదేసి, వలను కోస్తాడు. వల తీసే చిన్న పనికి గ్యాసు ఆపరు. ఇసుక పోయిన క్షణాన పైపు లేస్తుంది, దాని మీద వంగి ఉన్న మనిషితో సహా.

ఆ మనిషి ఎవరో కూడా ఆమెకు తెలుసు. పొద్దున కోదాడలో బస్సెక్కేటప్పుడు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది: ‘ఇయ్యాల నా వంతు. వల కోసుడే, సిన్న పని.’

పంపింది యాకోబు, ఆమె భర్త. సాగర్ డ్యాం దగ్గర పెద్దవూర అతని ఊరు. సాగర్ నీళ్లలో చేపలు పట్టే ఇంట్లో పుట్టి, ఈతే చదువుగా పెరిగి, చివరికి సముద్రంలో డైవర్ అయ్యాడు. కోదాడలో ఇల్లు తీసుకుని తల్లి సుందరమ్మనూ కృపారాణినీ ఉంచి, తను నెలల తరబడి పడవ మీద ఉంటాడు. సర్వే చేసేదీ డైవర్లను దింపేదీ ఒకే కాంట్రాక్టరు కాబట్టి, ఈ ఉద్యోగం సంగతి ఆమెకు చెప్పింది కూడా అతనే. ఇద్దరం ఒకే పైపు మీద బతుకుతున్నం అని నవ్వేవాడు.

కృపారాణి నరేందర్‌ను పిలిచి తెర చూపించింది. నేరేడుచర్ల మనిషి, నెమ్మదస్తుడు, గొంతు పెంచి ఎరగడు. రెండు మూపురాలూ చూసి, కర్చీఫు తీసి ముఖం తుడుచుకున్నాడు. వెంటనే హైదరాబాదుకు ఫోన్ చేశాడు. అటువైపు పనులు చూసే ఆయన విన్నాడు, కంగారు పడకండి అన్నాడు, సరిదిద్దిన రిపోర్టు రాసి పంపితే పైపు యజమానులకు పంపిస్తామని, వాళ్లు సరేనంటే పడవకు కబురు పోతుందని, ఇవాళ శనివారం కదా, సాయంత్రానికి చూద్దామని అన్నాడు. నరేందర్ మళ్లీ చేశాడు. మళ్లీ అదే మాట. మూడోసారి ఎవరూ ఎత్తలేదు.

మధ్యాహ్నం నీటి వడి తగ్గగానే డైవర్లు దిగుతారు. సాయంత్రం దాకా ఎవరూ ఆగరు. పడవ నంబరు ఇమ్మని అడిగితే అది హైదరాబాదు వాళ్లు బయటికి ఇవ్వరని నరేందర్ చెప్పాడు. యాకోబు ఫోన్ స్విచాఫ్ వస్తోంది. డ్యూటీలో ఉంటే ఫోన్ గదిలోనే పెట్టిపోవాలి.

అప్పుడు ఆమెకు కోదాడ ఇంట్లో గోడ గుర్తొచ్చింది. పొయ్యి గట్టు పైన, యాకోబు పెయింటుతో పెద్ద పెద్ద అంకెల్లో ఒక నంబరు రాసిపెట్టాడు. పడవ రేడియో గదిది. డైవర్ల ఇళ్లకు మాత్రమే ఇస్తారు, ఇంట్లో ఎవరైనా పోతే కబురు చెప్పడానికి. ఇంకే పనికీ దానికి ఫోన్ చేయకూడదు, చేస్తే పెట్టేస్తారు. పండగపూట కూడా సుందరమ్మ ఆ గోడకు సున్నం వేయనిచ్చేది కాదు, నంబరు పోతుందని. దాని వైపు చూసేదీ కాదు, అదంటే భయం.

కృపారాణి అత్తగారికి ఫోన్ చేసి, గోడ మీది నంబరు చదవమంది.

సుందరమ్మ మెల్లగా అడిగింది. “ఎవలు పోయిన్రు బిడ్డా?”

“ఎవలు పోలే అత్తమ్మా. పోకముందే చేయాలె.”

జరిగింది రెండు ముక్కల్లో చెప్పింది. సుందరమ్మకు పైపులు తెలియవు, ఉబకడం తెలియదు. కొడుకు దిగబోయే చోటు మంచిది కాదని మాత్రం తెలిసింది. అంకెలు ఒక్కొక్కటే చదివింది. చదవడం అయిపోయాక అడిగింది.

“గా నంబరుకు పని ముచ్చట చెప్తె ఇంటరా?”

“ఇనరు.”

“మరి నేను సచ్చిపోయిన్నని చెప్పు. గది ఇంటరు.”

బతికున్న మనిషిని చంపి మాట్లాడడమా? ఆదివారం ప్రార్థనలో పక్కన కూర్చుని పాడే మనిషిని? కానీ గడియారం ఆగేటట్టు లేదు. సుందరమ్మ చెప్పినదాంట్లో తప్పూ కనబడలేదు. నిజం చెబితే వింటారో వినరో. ఈ అబద్ధం మాత్రం వింటారు. భయంలో ఉన్న మనిషి తప్పకుండా పనిచేసే దాన్నే పట్టుకుంటుంది. ఆమె కూడా అదే పట్టుకుంది.

రేడియో గదిలో ఎత్తింది ఎవరో కాకినాడ వైపు మనిషి. ఆమె, యాకోబు తల్లి చనిపోయిందని చెప్పింది. ఏడుపు నటించాల్సిన పని పడలేదు, అది ఎప్పుడో మొదలైంది.

“అయ్యో, ఎంత పనైందమ్మా. ఆయన ఇప్పుడే డ్రెస్సు వేసుకుంటున్నారండీ. ఒక్క నిమిషం, ఆపేస్తాను. ఆయన్ని ఒడ్డుకు పంపించే ఏర్పాటు మేం చూసుకుంటాం, మీరు బెంగపడకండి.”

ఆమె కళ్లు మూసుకుంది. అతనే మళ్లీ అన్నాడు, ఓదార్పుగా.

“పని గురించి కూడా మీరు ఆలోచించొద్దమ్మా. ఆయన బదులు సోమ్లా దిగుతాడు. రెడీగానే ఉన్నాడు.”

ఫోన్ పెట్టేశాడు.

ముందుగా ఆమెకు కలిగింది సంతోషం. దాచి లాభం లేదు, సంతోషమే. యాకోబు దిగడు. ఒళ్లంతా వదులైపోయి ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. నరేందర్ మంచినీళ్ల సీసా అందిస్తే గటగటా తాగింది. ఇక రిపోర్టు రాద్దాం, సాయంత్రానికి పంపుదాం అని అతను అంటే తల కూడా ఊపింది. కీబోర్డు మీద చేతులు పెట్టింది. అప్పుడు ఆ పేరు నెమ్మదిగా లోపలికి దిగింది.

సోమ్లా. పెద్దవూర దగ్గరి తండా పిల్లవాడు. సాగర్‌లో యాకోబు వెంట మునకలు వేసి, యాకోబు చెబితే డైవింగు నేర్చి, యాకోబు పడవ మీదే చేరాడు. సెలవుకు వస్తే ముందు కోదాడ వచ్చి సుందరమ్మ చేతి చేపల పులుసు తిని, తర్వాతే తండాకు పోయేవాడు. వదినె, నువ్వు సముద్రం జూస్తవ్, మేం తడుస్తం అని ఆటపట్టించేవాడు. అతని భార్య ప్రమీలకు కృపారాణి ఉద్యోగమంటే గౌరవం. కింద ఏముందో అక్క ముందే చూస్తుంది, నాకేం భయం అని తండాలో చెప్పుకునేది.

ఆ సోమ్లాను ఇప్పుడు కిందికి పంపింది కృపారాణే.

పొద్దున్నుంచీ ఉన్నది ఒక రకం భయం, ఇప్పుడు పట్టుకున్నది ఇంకో రకం. మొదటిదానిలో ఆమె తప్పు ఉంది గానీ, మనిషిని దింపిన చెయ్యి ఆమెది కాదు. దీనిలో చెయ్యి కూడా ఆమెదే. ఆమె నంబరు మళ్లీ నొక్కింది. కలవలేదు. ఉపగ్రహం మీదుగా పోయే ఫోను, ఒకసారి మూలిగింది, ఒకసారి ఊరుకుంది. ఆమె లేచి కిటికీ దగ్గరికి పోయింది, మళ్లీ వచ్చింది, నిలబడే నొక్కుతూ పోయింది. కింద దుకాణంలో ఎవరో టైరు మీద సుత్తితో కొడుతున్నారు.

కలిసింది. అదే మనిషి.

“మా అత్తమ్మ సావలే,” అందామె. “నేను అబద్ధం చెప్పిన. సోమ్లాను దింపకుండ్రి. కింద పైపు ఉబ్బింది, ఇసుక తీస్తె లేస్తది.”

అతను నిట్టూర్చాడు. చాలా జాలిగా మాట్లాడాడు, అదే ఆమెను చంపింది. “అమ్మా, మీరు కొంచెం కూర్చోండి. పక్కన ఎవరైనా ఉంటే ఇవ్వండి. ఇలాంటప్పుడు మనసు రకరకాలుగా పోతుందండీ.”

నరేందర్ ఫోన్ అందుకుని తను ఎవరో, ఏ ఆఫీసో చెప్పాడు. అటువైపు మనిషి మర్యాదగా విని, పని విషయాలు హైదరాబాదు ద్వారా రావాలండీ, ఈ లైను మీద వినకూడదు, ఉద్యోగం పోతుంది అన్నాడు. సోమ్లా దిగాడా అని అడిగితే, దిగుతున్నాడండీ అన్నాడు.

కృపారాణి ఫోన్ లాక్కుంది. నా మొగుణ్ని పిలువు, తల్లి పోయిన మనిషి పెండ్లాంతో మాట్లాడనీకె రాడా అని గట్టిగా అడిగింది. దానికి ఆయన కాదనలేకపోయాడు.

యాకోబు వచ్చాడు. అతను ఏడవడం ఆమె పెళ్లయ్యాక వినలేదు. గొంతు చిన్న పిల్లాడిదిలా ఉంది. ఎప్పుడు, ఎట్ల, రాత్రి మంచిగనే మాట్లాడింది గద అంటున్నాడు. అత్తమ్మ బతికే ఉందని, పైపు సంగతీ ఆమె చెప్పింది. అతనికి ఎక్కలేదు. మళ్లీ చెప్పింది. అప్పుడు అతను గొంతు తగ్గించి అడిగాడు. “నన్ను ఓదార్సనీకె చెప్తున్నవా, కృపా?”

అబద్ధం ఎంత బాగా పనిచేసిందంటే, దాన్ని చెప్పిన మనిషి కూడా ఇక దాన్ని వెనక్కి లాగలేకపోతోంది.

ఆమె నరేందర్ ఫోన్ తీసుకుని కోదాడకు కలిపింది. సుందరమ్మ ఒక్క రింగుకే ఎత్తింది. గోడ దగ్గరే నిలబడి ఉన్నట్టుంది. కృపారాణి రెండు ఫోన్లూ స్పీకరు పెట్టి, ఒకదాని నోటికి ఇంకోదాని చెవి ఆనించి పట్టుకుంది. జారకుండా నరేందర్ తన చేతులతో వాటిని అదిమి పట్టాడు.

“అత్తమ్మా, నీ కొడుకు ఇంటున్నడు. మాట్లాడు.”

“ఒరే యాకోబూ, బతికే ఉన్నరా నేను. నీ పెండ్లాం చెప్పింది ఇను. ముందుగాల ఆ పిల్లగాన్ని పైకి గుంజుండ్రి, నా సావు తర్వాత సూద్దాం.”

అటువైపు ఏదో కింద పడిన చప్పుడు. పరుగు. తర్వాత ఎవరూ లేరు. లైను మాత్రం తెరిచే ఉంది, సముద్రం హోరు సన్నగా వినిపిస్తోంది. కొంతసేపటికి అదీ ఆగిపోయింది.

ఆ తర్వాత ఆఫీసులో ఎవరూ పని చేయలేదు, ఎవరూ ఇంటికి పోలేదు. కృపారాణి తెర మీద మూపురాన్ని అలాగే ఉంచి దాని ముందు కూర్చుంది. డైవర్ ఎంత లోతున ఉన్నాడో అందరికంటే ఆమెకే బాగా తెలుసు, ఆ కొలత కూడా ఆమె రిపోర్టులోనే ఉంది. ప్రార్థన చేద్దామనుకుంది. దేవుణ్ని ఏమని అడగాలో తోచలేదు. యాకోబు దిగకూడదని అప్పటికే ఒకటి అడిగింది, ఆయన ఇచ్చేశాడు.

చివరికి నరేందరే ఆమెను బస్టాండుకు తీసుకుపోయి కోదాడ బస్సెక్కించాడు. ఫోను హైదరాబాదు నుంచి కాదు, యాకోబు నుంచే వచ్చింది, బస్సు మునగాల దాటుతుండగా.

సోమ్లా బతికాడు.

యాకోబు డెక్కు మీదికి పరుగెత్తేసరికి సోమ్లా అడుగున ఉన్నాడు. జెట్టు మొదలుపెట్టి ఇసుక ఊదుతున్నాడు. సూపర్‌వైజరు మొదట వినలేదు, కానీ యాకోబు ముఖం చూసి, హెల్మెట్‌లోని లైనులో జెట్టు ఆపి వెనక్కి జరగమన్నాడు. సోమ్లా జరిగాడు. ఎందుకని అడుగుతున్నాడు. ఆ మాట మధ్యలో పైపు లేచింది. పెద్ద చప్పుడేమీ కాలేదట. కెమెరాలో ఇసుక కమ్ముకుంది, లైనులో సోమ్లా ఊపిరి మాత్రం వినబడింది, చాలా వేగంగా. పైపుతో పాటు లేచిన వల అతని కాలిని చుట్టి విరిచేసింది. వలను కోసుకున్నది కూడా అతనే. అంత లోతు నుంచి మనిషిని ఒక్కసారిగా పైకి తేకూడదు, నెత్తురులో గాలి పొంగుతుంది. అందుకని విరిగిన కాలుతో మెట్టు మెట్టుకూ ఆపుతూ తెచ్చారు. అంతసేపూ యాకోబు పైనుంచి అతనితో మాట్లాడుతూనే ఉన్నాడు. ఇప్పుడు కాకినాడ దవాఖానకు తీసుకుపోతున్నారు.

అంతా చెప్పాక కూడా యాకోబు తిట్టలేదు. “మొదటి ఫోన్లనే నిజం చెప్పుంటె ఆడు దిగకపోతుండె, కృపా,” అన్నాడు. “ఇంటుండెనో లేదో నాక్కూడ తెల్వదు. జర అడిగి సూడాల్సిండె.”

ఆమె అడిగి చూడలేదు.

కోదాడలో ఇంటి ముందు జనం. చావు కబురు పడవ మీది నుంచి పెద్దవూరకు కూడా పోయింది. చుట్టాలు ట్రాలీ ఆటోలో వచ్చారు, ఒకాయన చేతిలో పూలదండ కూడా ఉంది. సుందరమ్మ గడప ముందు కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్లకు వచ్చినట్టు తను చనిపోలేదని చెబుతోంది. కొందరు ఏడుస్తున్నారు, కొందరు నవ్వుతున్నారు, దండ తెచ్చినాయన దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక వెనక దాచుకుని నిలబడ్డాడు. ఇంకో రోజైతే కృపారాణికి కూడా నవ్వొచ్చేది.

అందరి వెనకా చంకన పిల్లతో ప్రమీల నిలబడి ఉంది. మిర్యాలగూడలో బస్సు మారి అప్పుడే దిగింది. సుందరమ్మను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, పరుగెత్తి వచ్చి ఆమె చేతులు తడిమి, అత్తమ్మా, బతికే ఉన్నవా అంటూ నవ్వింది, ఏడ్చింది. తర్వాత కృపారాణి దగ్గరికి వచ్చి చెప్పింది, సోమ్లా మధ్యాహ్నం దిగబోయే ముందు రేడియో గది నుంచి ఫోన్ చేశాడని. యాకోబన్న తల్లి పోయింది, వదినె ఒక్కతే ఉంటది, నువ్వు పోయి పక్కన ఉండు, నేను అన్న బదులు దిగుతున్న అన్నాడట. అందుకని పొయ్యి మీది కూర కూడా దించకుండా పక్కింటామెకు చెప్పి వచ్చేసింది.

దవాఖాన సంగతి ఆమెకింకా తెలియదు.

కృపారాణి ఆమెను లోపలికి తీసుకుపోయింది. పొయ్యి గట్టు మీద నంబరు పెద్ద పెద్ద అంకెల్లో కనబడుతోంది. ముందు సోమ్లా బతికే ఉన్నాడని చెప్పింది, తర్వాత కాలు సంగతి చెప్పింది. ప్రమీల గోడ పట్టుకుని కింద కూర్చుంది. అక్కడితో ఆపేయవచ్చు. యాకోబు చెప్పడు, నరేందర్ చెప్పడు, సుందరమ్మ అసలు చెప్పదు. రేపటి నుంచి తండాలో కృపారాణి దేవతలాంటి మనిషి అవుతుంది. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకు ఎక్కువ భయమేసింది. అందుకే మిగిలినదంతా చెప్పింది. పీకేసిన చుక్కలు, గోడ మీది నంబరు, అబద్ధం, సోమ్లా పేరు విన్న తర్వాత కూడా మంచినీళ్లు తాగి కీబోర్డు మీద చేతులు పెట్టడం.

పిల్ల కృపారాణి చున్నీ అంచు పట్టుకుని లాగుతోంది.

“మల్ల ఎంతసేపటికి ఫోన్ చేసినవ్?” అని అడిగింది ప్రమీల.

“తెల్వదు. సీసల నీళ్లు తాగిన. గంతసేపు.”

“గప్పుడు ఎట్లనిపించింది?”

“సంతోషమనిపించింది, ప్రమీలా.”

ప్రమీల తల ఊపింది. లేచి, పిల్లను సుందరమ్మ ఒళ్లో కూర్చోబెట్టి వచ్చింది. కాకినాడ పోవాలంటే విజయవాడ బస్సు ఎన్నింటికి ఉందో అడిగింది. కృపారాణి తనూ వస్తానంది. వద్దనలేదు, రమ్మనలేదు. ఇద్దరూ గడప దాటి, దండ పట్టుకున్నాయన పక్కనుంచి రోడ్డు మీదికి వచ్చారు. బస్టాండు మలుపు దాకా ప్రమీల ముందు నడిచింది, కృపారాణి వెనక. మలుపు దగ్గర ప్రమీల ఆగింది, ఆమె వచ్చి కలిసేదాకా.

“నీ జాగల నేనుంటే నాక్కూడ గట్లనే అనిపిస్తుండె, అక్కా,” అంది రోడ్డు వైపే చూస్తూ. “మల్ల ఫోన్ చేస్తుంటినో లేదో తెల్వదు. గదే నాకు భయమైతున్నది.”